గన్నుకీ కన్నుకీ మధ్య ఏం జరుగుతుంది? ఫిరంగి దళాల కంప్యూటర్లు, రేడియోల మీద చర్చ

కృష్ణలంక కుర్రాడు | రాత్రి 8:14

అందరికీ నమస్కారం. ఈసీఈ మూడో సంవత్సరం చదువుతున్నా. 2025 మేలో ఆపరేషన్ సిందూర్ జరిగినప్పటి నుంచి ఆకాశ్‌తీర్ అనీ, నెట్‌వర్క్ యుద్ధం అనీ వినీ వినీ చెవులు వాచిపోయాయి. గాల్లోంచి వచ్చే వాటి సంగతి కొంత అర్థమైంది. రాడార్ చూస్తుంది, కంప్యూటర్ చెబుతుంది, మిసైల్ పోతుంది. నాకు తలకెక్కనిది నేల మీది ఫిరంగుల సంగతి. ఎవరో ఒకరు శత్రువుని చూస్తారు, ఫోన్ చేసి "అదిగో అక్కడ కొట్టండి" అంటారు, కొడతారు. ఇందులో కంప్యూటర్‌కి పనేముంది? యుక్రెయిన్‌లో దీనికోసం యాప్‌లు రాసుకున్నారట. యాప్ ఏం చేస్తుంది అసలు? తెలిసినవాళ్లు కాస్త చెప్పండి.

మాధవరం మావయ్య | రాత్రి 8:51

బాబూ, నేను ఆర్టిలరీలో హవల్దార్‌గా రిటైరయ్యా. గోల్కొండ ఆర్టిలరీ సెంటర్లో ట్రైనింగ్. యూనిట్ పేరు, ఎక్కడెక్కడ చేశానన్నది అడగొద్దు, చెప్పను. పుస్తకాల్లో ఉన్నంత మేరకు చెబుతా.

ముందు ఒక సంగతి. గన్ దగ్గరున్న వాళ్లకి శత్రువు కనబడడు. మధ్యలో కొండ ఉంటుంది, పదీ ఇరవై కిలోమీటర్ల దూరం ఉంటుంది. కనబడేది ముందు ఎక్కడో ఇన్‌ఫాంట్రీ వాళ్లతో కూర్చున్న ఓపీ (అబ్జర్వేషన్ పోస్ట్) ఆఫీసరుకి. ఆయన దగ్గర బైనాక్యులర్, లేజర్ రేంజ్ ఫైండర్, మ్యాపు, రేడియో ఉంటాయి. టార్గెట్ ఏ గ్రిడ్‌లో (మ్యాపు గడిలో) ఉంది, ఎంత ఎత్తులో ఉంది, బంకరా బండా మనుషులా, ఇవి రేడియోలో చెబుతాడు. వెనక బ్యాటరీ (ఒక జట్టుగా పనిచేసే గన్‌లు) కమాండ్ పోస్టులో ఉన్నవాళ్లు అది రాసుకుని, తిరిగి చదివి వినిపించి, లెక్క మొదలుపెడతారు.

ఆ లెక్కే పెద్ద పని. గన్ ఎక్కడుంది, టార్గెట్ ఎక్కడుంది, ఎత్తు తేడా ఎంత అన్నది మొదటి మెట్టు. తర్వాత గాలి. కింద ఒకలా వీస్తుంది, షెల్ పైకెళ్లాక అక్కడ ఇంకోలా వీస్తుంది. ఉష్ణోగ్రత, గాలి ఒత్తిడి కావాలి. ఆ బ్యారెల్ ఇప్పటికే ఎన్ని రౌండ్లు కొట్టి అరిగిపోయింది, ఛార్జి (షెల్‌ని తోసే మందు) ఎండలో వేడెక్కి ఉందా చలిలో గడ్డకట్టి ఉందా అన్నదీ కావాలి. మధ్యలో ఉన్న కొండ కొమ్ముకి షెల్ తగలకుండా దాటుతుందా చూడాలి. ఇవన్నీ రేంజ్ టేబుల్ పుస్తకాలు, స్లైడు పట్టీలతో చేసేవాళ్లు. చివరికి గన్‌కి వెళ్లేది నాలుగు ముక్కలు: బేరింగ్ (దిక్కు), ఎలివేషన్ (బ్యారెల్ ఎత్తాల్సిన కోణం), ఛార్జి, ఫ్యూజ్ (షెల్ ఎప్పుడు పేలాలో చెప్పేది).

బేరింగ్ డిగ్రీల్లో ఉండదు, మిల్స్‌లో ఉంటుంది. మన బోఫోర్స్ లాంటి వాటిలో వృత్తాన్ని 6400 భాగాలు చేస్తారు, రష్యా పద్ధతిలో 6000. కిలోమీటరు దూరంలో ఒక మిల్ తప్పితే సుమారు మీటరు తప్పుతుంది. 20 కిలోమీటర్లకి లెక్క వేసుకో.

మొదటి షెల్ పడ్డాక ఓపీ చూసి "యాడ్ 200, లెఫ్ట్ 100" అంటాడు, అంటే ఇంకో 200 మీటర్లు ముందుకి, 100 ఎడమకి. మళ్లీ లెక్క. ఇంకో షెల్. సరిగ్గా కూర్చున్నాక బ్యాటరీలో ఉన్న ఆరు గన్‌లూ ఒకేసారి. అయితే రెండు మూడు షెల్స్ పడ్డాక శత్రువు అక్కడే కూర్చుని ఉంటాడా? బంకర్లోకి దూరిపోతాడు, లేదా బండెక్కి పోతాడు. అందుకని మొదటి షెల్లే తగిలేలా చేయాలి, అదీ త్వరగా. కంప్యూటర్‌కి పని అక్కడుంది.

అడ్డుప్రశ్న | రాత్రి 9:05

మావయ్య గారూ, అంతా బాగుంది. కానీ 1999లో ఏ యాప్ ఉందని కార్గిల్ గెలిచాం? బోఫోర్స్ గన్, గన్ వెనక జవాను. అంతే కదా. ఇప్పుడు టాబ్లెట్ లేకపోతే యుద్ధమే చేయలేమన్నట్టు మాట్లాడుతున్నారు. అమ్ముకునే కంపెనీలు చెప్పే మాటలివి.

చరిత్ర పిచ్చి | రాత్రి 9:31

> 1999లో ఏ యాప్ ఉందని కార్గిల్ గెలిచాం?

గెలిచాం. ఎలా గెలిచామో కూడా చూడాలి. ఆ యుద్ధంలో మన ఫిరంగి దళం రెండున్నర లక్షలకు పైగా షెల్స్, బాంబులు, రాకెట్లు కొట్టింది. గన్‌లు, మోర్టార్లు, రాకెట్ లాంచర్లు కలిపి సుమారు 300. తోలోలింగ్ మీద దాడికి ముందూ, జూలై 4న టైగర్ హిల్ చేజిక్కినప్పుడూ పదుల కొద్దీ గన్‌లు ఒకే కొండ మీద నిప్పులు కురిపించాయి. బోఫోర్స్‌ని కొన్నిచోట్ల నేరుగా కంటికి కనబడే బంకర్ మీదికి గురిపెట్టి కొట్టారు. ఆ గన్‌ని మామూలుగా అలా వాడరు. గన్ కనబడే చోటుకి తెచ్చిపెడితే అవతలివాడికి కూడా కనబడుతుంది మరి.

ఇక రెండో వైపు. పాకిస్తాన్ దగ్గర అమెరికావాళ్ల టీపీక్యూ-36 రాడార్లు ఉన్నాయి. మన గన్ ఒక షెల్ వదిలితే, గాల్లో ఉన్న ఆ షెల్‌ని కొంతదూరం వెంబడించి, దాని వంపుని వెనక్కి లెక్కగట్టి గన్ ఎక్కడుందో చెబుతాయి. ఆ షెల్ నేల మీద పడేలోపే మన గన్ చిరునామా వాళ్ల చేతిలో ఉంటుంది. అలాంటి పని చేసే రాడార్ విషయంలో మనం అప్పటికి బాగా వెనకబడి ఉన్నాం. ఏళ్ల తరబడి కొనుగోలు ఫైళ్లు తిరిగాయి. 2002లో గానీ అమెరికాతో టీపీక్యూ-37లకి ఒప్పందం కుదరలేదు.

జవాను గొప్పతనం గురించి ఎవరికీ పేచీ లేదు. అతని చేతికి ఇవ్వాల్సింది ఇవ్వకుండా గొప్పతనాన్ని పొగుడుతూ కూర్చోవడం మీదే నా పేచీ.

తర్వాత వచ్చిన స్వాతి రాడార్ కథ తెలిసిందే. బెంగళూరులోని డీఆర్‌డీఓ రాడార్ ల్యాబ్ ఎల్‌ఆర్‌డీఈ డిజైన్, బెల్ (భారత్ ఎలక్ట్రానిక్స్) తయారీ, 2017లో సైన్యానికి అందింది. మూలం ఆకాశ్ మిసైల్ కోసం చేసిన రాజేంద్ర రాడార్. మోర్టార్‌ని 20 కిలోమీటర్ల దాకా, ఫిరంగిని 30 దాకా, రాకెట్లని 40 దాకా పట్టుకుంటుంది. ఆర్మేనియా నాలుగు కొన్నది. ఇంకో ఉపయోగం కూడా ఉంది: మన షెల్ ఎక్కడ పడబోతోందో చూసి మన గన్‌ని కూడా సరిచేయొచ్చు, ఓపీకి కనబడని చోట కూడా.

బందరు లడ్డు | రాత్రి 9:38

స్వాతి మా మచిలీపట్నం బెల్‌లో చేసిందేనా? అయితే రేపు మా వీధిలో స్వీట్లు 😀

చరిత్ర పిచ్చి | రాత్రి 9:44

కాదు లడ్డు గారూ, మచిలీపట్నం యూనిట్ వాళ్లది రాత్రిపూట చూసే పరికరాలు, ఆప్టిక్స్. మావయ్య గారు చెప్పిన ఓపీ ఆఫీసరు చీకట్లో చూడాలంటే మీ ఊరి సరుకే కావాలి. స్వీట్లు పంచుకోండి, తప్పులేదు.

సిగ్నల్ శ్రీను | రాత్రి 10:20

తమ్ముడూ, నేను రేడియోల వైపు పనిచేస్తా. కంపెనీ పేరు వద్దు. నువ్వు "ఫోన్ చేసి చెబుతారు" అన్న దగ్గరే అసలు టెన్షన్ మొదలవుతుంది కాబట్టి అక్కడి నుంచి చెబుతా.

యుద్ధభూమిలో ముందున్నవాళ్లు ఎక్కువగా వాడేది వీహెచ్‌ఎఫ్, 30 నుంచి 88 మెగాహెర్ట్జ్ ప్రాంతం. కొండ అడ్డొస్తే సరిగా పోదు. లోయలో ఉన్న గన్‌కీ కొండ మీద ఉన్న ఓపీకీ మధ్య ఇంకో శిఖరం మీద రీబ్రాడ్‌కాస్ట్ స్టేషన్ (అందుకున్నది మళ్లీ పంపేది) పెట్టాలి. దానికి బ్యాటరీలు మోయాలి, కాపలా కావాలి.

రెండోది టైమ్. మాటలతో గ్రిడ్ చెప్పి, అవతలివాడు తిరిగి చదివి, మధ్యలో గరగరమని "మళ్లీ చెప్పు" అనుకుని, ఇలా ఒక టార్గెట్‌కి అర నిమిషం సులభంగా పోతుంది. అంతసేపు గాల్లో ట్రాన్స్‌మిషన్ ఉంటే శత్రువు డైరెక్షన్ ఫైండర్లు నీ దిక్కు పట్టేస్తాయి. రెండు చోట్ల నుంచి పట్టితే నీ స్థానం దొరికిపోయింది. అదే సమాచారాన్ని డేటాగా పంపితే? అక్షాంశం, రేఖాంశం, ఎత్తు, టార్గెట్ రకం, పంపినవాడి గుర్తింపు, టైమ్. 50 బైట్లు చాలు. అంటే 400 బిట్లు. సెకనుకి 1200 బిట్లు పంపే ముసలి మోడెమ్ కూడా సెకనులో మూడోవంతులో పంపేస్తుంది. తప్పులు సరిదిద్దే బిట్లు, ఎన్‌క్రిప్షన్ కలిపి రెండింతలు, మూడింతలు వేసుకున్నా సెకను చుట్టుపక్కలే. గాల్లో ఉన్నది సెకను, పట్టుకోవడం అంత కష్టం.

దీనికి తోడు ఫ్రీక్వెన్సీ హాపింగ్. అమెరికావాళ్ల సింక్‌గార్స్ రేడియో సెకనుకి 111 సార్లు ఫ్రీక్వెన్సీ మారుస్తుంది. ఎటు గెంతుతుందో ఆ వరస తెలిసినవాడికే వినబడుతుంది. ఇక్కడ అందరి గడియారాలూ కలవాలి. గడియారం తప్పిన రేడియో ఆ నెట్‌లో చెవిటిదే. అందుకే రేడియోవాళ్లం జీపీఎస్‌ని దారి కోసం కంటే టైమ్ కోసం ఎక్కువ ప్రేమిస్తాం.

అవతలివాడి రేడియోలని వినడం, జామ్ చేయడం వేరే విద్య. అందులో మన హైదరాబాద్‌లోని డీఆర్‌డీఓ ల్యాబ్ డీఎల్‌ఆర్‌ఎల్‌కి పాత పేరుంది, సంయుక్త వ్యవస్థ వాళ్లదే. ఇంతకంటే రాయను.

మోడరేటర్ | రాత్రి 10:26

గుర్తుచేస్తున్నా: యూనిట్ల పేర్లు, ఇప్పుడు ఎక్కడున్నాయి, ఏ ఫ్రీక్వెన్సీలు వాడుతున్నారు, ఇవి ఈ థ్రెడ్‌లో రాయకూడదు. బయట అచ్చయిన విషయాలే. ఇప్పటిదాకా బాగానే ఉంది.

కృష్ణలంక కుర్రాడు | రాత్రి 10:33

శ్రీను అన్నా, సూపర్. అయితే శక్తి అని మన దగ్గర ఒకటి ఉందంటారు, అది ఇదేనా? ఆకాశ్‌తీర్ కూడా అదేనా?

చరిత్ర పిచ్చి | రాత్రి 10:58

వేరు వేరు. శక్తి ఫిరంగులది. ఓపీ చేతిలో చిన్న కంప్యూటర్, కమాండ్ పోస్టులో పెద్దది, గన్ దగ్గర ఒక డిస్‌ప్లే. మావయ్య గారు చెప్పిన లెక్కంతా అది చేసి ఏ గన్‌కి ఎంత బేరింగ్, ఎంత ఎలివేషన్ అన్నది తెర మీద చూపిస్తుంది. డీఆర్‌డీఓ, బెల్ కలిసి చేశారు, 2009లో సైన్యానికి అప్పగించారు.

ఆకాశ్‌తీర్ సైన్యంలో గగనతల రక్షణ దళానిది. 2023 మార్చిలో బెల్‌తో ₹1,982 కోట్లకి ఒప్పందం. రాడార్లన్నీ చూసింది ఒకే చిత్రంగా కలిపి, వచ్చేది మనదా పరాయిదా, ఏ గన్ లేదా ఏ మిసైల్ దాన్ని చూసుకోవాలి అన్నది కింది స్థాయి కమాండర్ దాకా చేరవేస్తుంది. వైమానిక దళానికి ఇలాంటిదే ఐఏసీసీఎస్ అని ముందు నుంచీ ఉంది. ఈ రెండూ మాట్లాడుకోవడమే 2025 మేలో డ్రోన్లు వరసగా వచ్చిన రాత్రుల్లో పనికొచ్చిన విషయం.

టీవీల్లో రాడార్, మిసైల్ చూపిస్తారు. మధ్యలో ఉన్న ఈ అతుకు పని ఎవరూ చూపించరు, కెమెరాకి అందంగా ఉండదు కాబట్టి.

వార్సా వెంకట్ | రాత్రి 11:40

ఇక్కడ పోలాండ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. పక్క దేశం యుద్ధం కాబట్టి మా ఆఫీసులో నాలుగేళ్లుగా ఇదే కబుర్లు. యాప్‌ల సంగతి నేను చెబుతా.

2014 తర్వాత యుక్రెయిన్ సైన్యం దగ్గర డబ్బు లేదు, పాత సోవియట్ గన్‌లు మాత్రం ఉన్నాయి. ప్రోగ్రామింగ్ వచ్చిన ఆఫీసర్లు, వాలంటీర్లు ఆండ్రాయిడ్ ఫోన్లకి యాప్‌లు రాశారు. యారోస్లావ్ షెర్‌స్తుక్ అనే ఆర్టిలరీ ఆఫీసరు డీ-30 అనే 122 మిల్లీమీటర్ల హొవిట్జర్ కోసం ఒకటి రాశాడు. నిమిషాలు పట్టే లెక్క 15 సెకన్లలోపు వచ్చేది. ఆయన చేయి ఉన్నదే తర్వాత వచ్చిన జీఐఎస్ ఆర్టా కూడా. ఆర్మీ ఎస్‌ఓఎస్ అనే వాలంటీర్ల సంస్థ క్రోపివా తెచ్చింది. టాబ్లెట్‌లో మ్యాపు, మ్యాపు మీద మనవాళ్లు, పరాయివాళ్లు, కొట్టాల్సిన చోటు.

జీఐఎస్ ఆర్టాని "ఫిరంగుల ఊబర్" అంటారు. డ్రోన్ ఒక టార్గెట్ చూస్తుంది. ఆ చుట్టుపక్కల ఉన్న గన్‌లు, మోర్టార్లు, రాకెట్లలో ఏది దగ్గర, ఏది ఖాళీ, దేని దగ్గర సరైన రౌండ్లున్నాయి అన్నది సాఫ్ట్‌వేర్ చూసి పని అప్పగిస్తుంది. పాత పద్ధతిలో ఇరవై నిమిషాలు పట్టేది నిమిషం దాకా వచ్చిందని వాళ్ల మాట. ఇందులో ఇంకో తెలివి ఉంది. గన్‌లన్నీ ఒకచోట వరుసగా పెట్టక్కర్లేదు. చెల్లాచెదురుగా దాచిపెట్టి, కొట్టేటప్పుడు మాత్రం అన్నీ ఒకే చోట పడేలా చేయొచ్చు. 2022 మేలో బిలోహోరివ్కా దగ్గర సివర్‌స్కీ దొనెత్స్ నది దాటబోయిన రష్యా దళాలు పాంటూన్ (నీటి మీద తేలే) వంతెన దగ్గరే ఇరుక్కుని డజన్ల కొద్దీ వాహనాలు పోగొట్టుకున్నాయి.

ఇదంతా నడవాలంటే కనెక్షన్ కావాలి. యుద్ధం మొదలైన 2022 ఫిబ్రవరి 24 తెల్లవారుజామునే వయాశాట్ ఉపగ్రహ మోడెమ్‌లని హ్యాక్ చేసి చంపేశారు. దాని దెబ్బకి జర్మనీలో 5,800 గాలిమరలకి రిమోట్ కనెక్షన్ పోయింది. రెండు రోజులకి యుక్రెయిన్ మంత్రి ట్విటర్‌లో ఎలాన్ మస్క్‌ని అడిగాడు, ఆ వెంటనే ఆయన కంపెనీ స్టార్‌లింక్ ఉపగ్రహ ఇంటర్నెట్ డిష్‌లు వచ్చాయి. అంటే ఒక దేశం ఫిరంగి దళం ఒక ప్రైవేటు వ్యాపారి స్విచ్ మీద ఆధారపడింది. అది ఎంత మంచిదో మీరే ఆలోచించండి.

అడ్డుప్రశ్న | ఉదయం 6:47

> ఇరవై నిమిషాలు పట్టేది నిమిషం దాకా వచ్చిందని వాళ్ల మాట

"వాళ్ల మాట" అని రాశారు కాబట్టి సరిపోయింది. సాఫ్ట్‌వేర్ చేసినవాడు తన సరుకు గురించి చెప్పిన అంకె అది. షెల్ గాల్లోనే నిమిషం ఉండదా?

మాధవరం మావయ్య | ఉదయం 7:15

మంచి ప్రశ్న. దూరం 20 దాటితే షెల్ గాల్లోనే నిమిషం పైన ఉండొచ్చు. ఆ నిమిషం ఎవడూ తగ్గించలేడు. తగ్గేది అంతకుముందున్న భాగం: ఎవరు కొట్టాలి, కొట్టొచ్చా, లెక్కెంత అన్నవి. చేతితో చేసినా బాగా తయారైన బ్యాటరీ లెక్క రెండు మూడు నిమిషాల్లో ముగిస్తుంది. మా టైమ్‌లో ఆలస్యం ఎక్కువగా లెక్క దగ్గర అయ్యేది కాదు. పై నుంచి "ఫైర్" క్లియరెన్స్ రావాలి. ఆ ప్రాంతంలో మన గస్తీ పార్టీ ఉందా, హెలికాప్టర్ ఎగురుతోందా, పక్క బ్రిగేడ్‌వాళ్లు ఏమన్నారు. అది తేలేదాకా గన్ లోడు చేసుకుని కూర్చునేవాళ్లం.

యాప్‌లో మనవాళ్లు ఎక్కడున్నారో చుక్కల్లా కనబడితే ఆ ప్రశ్నలకి జవాబు త్వరగా వస్తుంది. నిజమైన లాభం అక్కడుంది, గుణకారాల్లో కాదు.

అడ్డుప్రశ్న | ఉదయం 7:22

చుక్క తప్పు చోట కనబడితే?

సిగ్నల్ శ్రీను | ఉదయం 8:40

అలా జరిగింది కూడా. 2001 డిసెంబర్ 5, అఫ్గానిస్తాన్, కాందహార్‌కి ఉత్తరాన. హమీద్ కర్జాయ్ వెంట అమెరికా స్పెషల్ ఫోర్సెస్ ఉన్నారు. వాళ్లలో ఒకాయన చేతిలోని జీపీఎస్ పరికరంతో శత్రువు స్థానం లెక్కగట్టాడు. పంపేలోపు బ్యాటరీ అయిపోయింది. కొత్త బ్యాటరీ వేశాడు. ఆ పరికరం ఆన్ కాగానే పాత టార్గెట్‌ని చూపదు, తానున్న చోటుని చూపుతుంది. ఆ అంకెలే బీ-52కి వెళ్లాయి. 2,000 పౌండ్ల జీపీఎస్ బాంబు అంగుళం తప్పకుండా వాళ్ల మీదే పడింది. ముగ్గురు అమెరికా సైనికులు, వాళ్లతో ఉన్న అఫ్గాన్‌లు చనిపోయారు. కర్జాయ్‌కి చిన్న గాయాలు. అదే రోజు జర్మనీలోని బాన్‌లో ఆయన్ని తాత్కాలిక ప్రభుత్వాధినేతగా ఎంపిక చేశారు.

బాంబు బాగా పనిచేసింది, విమానం బాగా పనిచేసింది, రేడియో బాగా పనిచేసింది. బ్యాటరీ మార్చాక తెర మీద ఏం కనబడాలి అన్నది ఆలోచించని ఇంజినీరు దగ్గర తేడా వచ్చింది. స్క్రీన్లు డిజైన్ చేసే మాలాంటి వాళ్లకి ఇది రోజూ చదువుకోవాల్సిన కేసు. "ఇది నీ స్థానం" అన్న అంకె, "ఇది టార్గెట్" అన్న అంకె ఒకే ఫాంట్‌లో, ఒకే చోట చూపించకూడదు.

చరిత్ర పిచ్చి | ఉదయం 9:10

దూరం ఎందుకు, 2019 ఫిబ్రవరి 27 మన బడ్గాం. పాకిస్తాన్ విమానాలతో గాల్లో పోరు జరుగుతున్న సమయం. శ్రీనగర్‌కి తిరిగొస్తున్న మన ఎంఐ-17 హెలికాప్టర్‌ని మన స్పైడర్ మిసైలే కూల్చింది. వైమానిక దళం వాళ్లు ఆరుగురు, కింద ఒక పౌరుడు ప్రాణాలు కోల్పోయారు. అది పెద్ద తప్పు అని అప్పటి వైమానిక దళాధిపతి భదౌరియా అక్టోబర్‌లో బహిరంగంగా ఒప్పుకున్నారు. మనదా పరాయిదా గుర్తించే వ్యవస్థ, నేలకీ హెలికాప్టర్‌కీ మధ్య మాట, ఈ రెండు చోట్లా తేడా వచ్చింది.

వేగం పెంచుతున్నాం సరే. "ఆగు" అన్న మాట కూడా అంతే వేగంగా వెళ్లే దారి ఉండాలి. ఒప్పందాల వార్తల్లో ఎన్ని సెకన్లలో కొడతాం అన్నది రాస్తారు, ఎన్ని సెకన్లలో ఆపగలం అన్నది ఎక్కడా చూడలేదు.

కృష్ణలంక కుర్రాడు | ఉదయం 9:34

అయితే ఏఐకి వదిలేస్తే? మనిషి కంగారుపడతాడు, మెషిన్ పడదు కదా.

మాధవరం మావయ్య | ఉదయం 9:52

మెషిన్‌కి కంగారు లేదు బాబూ, అనుమానం కూడా లేదు. నాకు తెలిసిన ఒక టెక్నికల్ అసిస్టెంటు ఉండేవాడు. ఓపీ నుంచి వచ్చిన గ్రిడ్ చూడగానే పెన్సిల్ పక్కన పెట్టి "సార్, ఇది మనవాళ్ల టీ పాయింట్ పక్కనే వస్తోంది, ఇంకోసారి అడగండి" అన్నాడు. ఫైరింగ్ రేంజి కాబట్టి సరిపోయింది. రెండంకెలు తారుమారయ్యాయి, అంతే. మ్యాపు వాడి బుర్రలో ఉంది. కంప్యూటర్ లెక్క చేయనీ, గన్ ఎంచనీ. ట్రిగ్గర్ ముందు ఒక మనిషి ఉండాలి, ఆ మనిషికి చూసుకోవడానికి పది సెకన్లు ఉండాలి.

వార్సా వెంకట్ | మధ్యాహ్నం 1:15

మావయ్య గారి మాటకి సగం ఒప్పుకుంటా. డ్రోన్లు తరుముతున్న చోట ఆ పది సెకన్లు కూడా ఖరీదే. కానీ ఇంకో భయం ఉంది: ఆ యాప్ నీదేనా?

పైన చెప్పిన డీ-30 యాప్ ఉంది కదా. 2016 డిసెంబర్‌లో క్రౌడ్‌స్ట్రైక్ అనే సైబర్ సెక్యూరిటీ కంపెనీ ఒక నివేదిక ఇచ్చింది. రష్యా హ్యాకర్లు ఆ యాప్‌లో తమ మాల్‌వేర్ కలిపి, ఆ నకలుని యుక్రెయిన్ సైనికులు తిరిగే ఫోరమ్‌లలోకి వదిలారని. అలా గన్‌ల ఆచూకీ దొరికి 80 శాతం డీ-30లు పోయాయని రాశారు. ఆ 80 శాతం అంకె తప్పని తేలింది, 2017 మార్చిలో వాళ్లే దాన్ని సవరించుకుని బాగా తగ్గించారు. మాల్‌వేర్ వల్ల నిజంగా ఏ గన్ పోయిందన్నది రుజువు కాలేదు, యాప్ రాసినాయన గట్టిగా ఖండించాడు. అయినా పాఠం పాఠమే. వాట్సాప్ గ్రూపులో వచ్చిన ఏపీకే ఫైల్‌ని ఇన్‌స్టాల్ చేసుకునే అలవాటు సైన్యంలోకి కూడా వస్తే కష్టం.

బందరు లడ్డు | మధ్యాహ్నం 1:21

మా బావమరిది "మీ పార్సిల్ ఆగింది" అన్న ఏపీకే నొక్కి జీతం పోగొట్టుకున్నాడు. వాడికి ఫిరంగి ఇవ్వకండి దయచేసి.

అడ్డుప్రశ్న | మధ్యాహ్నం 3:02

జామింగ్ సంగతి ఎవరూ చెప్పలేదు. ఇంత కట్టాక అవతలివాడు జామ్ చేస్తే మళ్లీ పెన్సిలేగా?

సిగ్నల్ శ్రీను | సాయంత్రం 6:30

కొంతవరకు అవును. యుక్రెయిన్‌కి అమెరికా ఎక్స్‌కాలిబర్ షెల్స్ ఇచ్చింది. 155 మిల్లీమీటర్ల జీపీఎస్ షెల్, మొదట్లో అద్భుతంగా తగిలింది. రష్యావాళ్లు జీపీఎస్ జామింగ్ పెంచాక గురి బాగా దెబ్బతింది, దాదాపు పక్కన పెట్టేశారు. మనమూ 2019లో ఎం777 హొవిట్జర్ల కోసం ఆ షెల్స్ కొన్నాం, కాబట్టి ఇది మనకి పరాయి ముచ్చట కాదు. జీపీఎస్ లాంటిదే మనకంటూ నావిక్ ఉంది. కానీ 2025 జనవరిలో శ్రీహరికోట నుంచి వందో ప్రయోగంగా వెళ్లిన నావిక్ ఉపగ్రహం ఎన్‌వీఎస్-02 అనుకున్న కక్ష్యకి చేరలేకపోయింది. కొత్త ఉపగ్రహాలు పైకి వెళ్లే వేగం పెరగాలి. వైమానిక దళానికి జీశాట్-7ఎ అనే సమాచార ఉపగ్రహం 2018 డిసెంబర్‌లో అక్కడి నుంచే వెళ్లింది, సైన్యానికి ప్రత్యేకంగా జీశాట్-7బి కోసం 2023లో ఒప్పందం కుదిరింది. నేల మీద రేడియోలు ఎంత బాగున్నా, కొండల అవతలికి మాట పోవాలంటే పైన ఒకటి ఉండాల్సిందే.

ఇక వింత చూడండి. రేడియో జామ్ అవుతోందని డ్రోన్లకి వెనకాల ఫైబర్ తీగ కట్టి ఎగరేస్తున్నారు, కిలోమీటర్ల పొడవున చుట్ట విప్పుకుంటూ పోతుంది. జామ్ చేయడానికి అక్కడ రేడియోనే లేదు. బంకర్ల మధ్య సోవియట్ కాలం నాటి టీఏ-57 ఫీల్డ్ టెలిఫోన్లు మళ్లీ బయటికొచ్చాయి. హ్యాండిల్ తిప్పితే అవతల గంట మోగే రకం. గాల్లోకి ఏమీ వదలదు కాబట్టి డైరెక్షన్ ఫైండర్‌కి దొరకదు.

మాధవరం మావయ్య | సాయంత్రం 7:05

లైన్ పార్టీలో తీగ భుజాన వేసుకుని రాత్రంతా పరిచినవాడికి ఇది వింత కాదు శ్రీనూ. రేడియో సైలెన్స్ అంటే మాకు తీగే. తెగితే వెతుక్కుంటూ వెళ్లి అతకాలి. షెల్లింగ్‌లో ఆ పని చేసేవాళ్లకి పతకాలు తక్కువ.

అడ్డు గారి ప్రశ్నకి: పెన్సిల్ ఎప్పుడూ ఉండాలి. శక్తి వచ్చాక కూడా చేతి లెక్క నేర్పడం మానకూడదనే నా వాదన. కుర్రాళ్లకి విసుగే. స్క్రీన్ చూపించిన ఎలివేషన్ సుమారుగా సరైనదో కాదో అంచనా వేయడానికైనా అది కావాలి.

అడ్డుప్రశ్న | సాయంత్రం 7:18

ఇది ఒప్పుకుంటా. టాబ్లెట్‌కి నేను వ్యతిరేకం కాదు, టాబ్లెట్ ఒక్కటే అంటే వ్యతిరేకం. డబ్బులో ఎక్కువ భాగం మాత్రం షెల్స్‌కి పోవాలి. రోజుకి 5,000 రౌండ్లు కొట్టే యుద్ధంలో షెల్ లేని గన్‌కి ఎంత అందమైన నెట్‌వర్క్ ఉంటే ఏం లాభం?

వార్సా వెంకట్ | రాత్రి 8:02

దానికి అటు వైపు వాదన: నెట్‌వర్క్ బాగుంటే అన్ని షెల్స్ అక్కర్లేదు, ఇరవై పడే చోట నాలుగు చాలు. యుక్రెయిన్‌కి షెల్స్ కరువు వచ్చినప్పుడు నెట్టుకొచ్చింది కొంత ఇందువల్లే. కానీ కరువు కరువే, ఆ నెలల్లో ఊళ్లు పోయాయి కూడా. అవ్‌దీవ్‌కా 2024 ఫిబ్రవరిలో పోయింది. మీరిద్దరూ కరెక్టే అనిపిస్తోంది నాకు.

కృష్ణలంక కుర్రాడు | రాత్రి 8:40

చాలా నేర్చుకున్నా, అందరికీ థాంక్స్. ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుకి శ్రీను అన్న చెప్పిన 50 బైట్ల మెసేజ్ ఐడియా తీసుకోవాలనుకుంటున్నా. ఫిరంగులు కాదు, వరదల్లో బోట్లకి. మా కృష్ణలంకకి వరద అంటే ఏంటో చెప్పక్కర్లేదు, 2024 సెప్టెంబర్‌లో సింగ్‌నగర్ మునిగినప్పుడు ఫోన్ సిగ్నల్ కోసం జనం అల్లాడిపోయారు. ఏ బోటు ఎక్కడుంది, ఎవరు దగ్గర, ఎవరికి ఖాళీ ఉంది, ఎటు పంపాలి. లోరా (తక్కువ పవర్‌తో దూరం పోయే రేడియో) మాడ్యూల్స్‌తో అవుతుందా?

సిగ్నల్ శ్రీను | రాత్రి 9:26

అవుతుంది. 865–867 మెగాహెర్ట్జ్ మన దగ్గర లైసెన్స్ లేకుండా వాడుకోవచ్చు, పవర్ పరిమితి చూసుకో. మెసేజ్‌లో టైమ్ తప్పనిసరిగా పెట్టు. పదినిమిషాల కిందటి బోటు స్థానాన్ని ఇప్పటిదిగా చూపించే తెర చాలా ప్రమాదం. అందుకని పాతబడిన చుక్కకి రంగు మార్చు. బ్యాటరీ తీసి మళ్లీ పెడితే ఏం చూపుతుందో మొదటి రోజే పరీక్షించు.

రేంజి పరీక్ష నదిలో ఖాళీ జాగాలో చేసి "అయిదు కిలోమీటర్లు వచ్చింది" అని రాయకు, అందరూ అదే రాస్తారు. గుణదల కొండకి అటొకటి, ఇటొకటి పెట్టి చూడు. పోవు. అప్పుడు కొండ మీద మూడోది పెట్టి, వందలో ఎన్ని ప్యాకెట్లు చేరాయో ఇక్కడ రాయి.

మాధవరం మావయ్య | రాత్రి 9:41

ఆ మూడోదానికి బ్యాటరీ ఎవరు మోస్తారో కూడా రాయి 🙂